చెబితే చదువు ఆగిపోతుందన్న భయం

పరీక్షా ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మార్కాపురం, కంభం, గిద్దలూరు వీధుల్లోని మన ఇళ్ళలో ఒకే చర్చ సాగుతుంది. అమ్మాయికి మంచి మార్కులు వచ్చాయి, హైదరాబాదులో సీటు వచ్చింది, పంపాలా వద్దా? తండ్రి ఫీజు గురించి లెక్కలు వేస్తాడు. తల్లి హాస్టలు తిండి గురించి వాకబు చేస్తుంది. కానీ ఇద్దరి మనసుల్లోనూ మెదిలే అసలు ప్రశ్న వేరు. అంత పెద్ద నగరంలో పిల్ల ఒంటరిగా ఎలా తిరుగుతుంది? ఈ ప్రశ్న అడిగిన తల్లిదండ్రులను వెనుకబడినవారని ఎవరైనా ఎగతాళి చేస్తే మేము ఒప్పుకోము. ఆ భయం నిజమైనదే. అయితే దానికి మనం వాడుతున్న మందు సరైనదా అన్నదే ఆలోచించవలసిన విషయం.

మన ప్రాంతం నుండి వెళ్ళేవారి కష్టం ప్రయాణంతోనే మొదలవుతుంది. శ్రీశైలం మీదుగా వెళ్ళే అడవి దారి రాత్రిపూట మూసి ఉంటుంది. రాత్రి బస్సు ఎర్రగొండపాలెం, మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా వెళ్ళి తెల్లవారకముందే హైదరాబాదులో దించుతుంది. మెట్రో రైలు ఉదయం 6 గంటల ప్రాంతానికి గానీ మొదలుకాదు. ఆ గంటా రెండు గంటల చీకటిలో చేతిలో సంచితో నిలబడిన ఆడపిల్ల చుట్టూ చేరే ఆటోలను, చూపులను ఎరగనివారు లేరు. పగటిపూట సిటీ బస్సులో రద్దీ మరొక పరీక్ష. స్త్రీలను గౌరవించమని బస్సుల్లో రాసి ఉంటుంది. ఆ రాతల కిందనే జరగవలసినవన్నీ జరుగుతుంటాయి.

మా వద్ద చిన్నతనంలో ఉర్దూ చదవడం, రాయడం నేర్చుకున్న ఒక అమ్మాయి నగరంలో చదువుకుంటోంది. నిరుడు రంజాను సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు మనిషి సగమై కనిపించింది. తల్లి ఎంత అడిగినా చెప్పలేదు. చివరకు మా ఇంట్లోవారి దగ్గర కంటతడి పెట్టింది. కాలేజీకి వెళ్ళే బస్సులో ఒకడు రోజూ వెనుక నిలబడి వేధిస్తున్నాడట. ఆమె బస్సు మార్చింది, వాడూ మార్చాడు. బురఖా వేసుకున్నా వదలలేదు. రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా భరించింది.

ఈ సంగతి విన్నప్పుడు మా నోటి నుండి వచ్చిన మొదటి మాట ఏమిటో దాచకుండా చెబుతాము. "ఆ బస్సులో ఎందుకు ఎక్కావు బేటీ?" అన్నాము. అన్న మరుక్షణమే సిగ్గుపడ్డాము. తప్పు చేసినవాడు ఎవడో అడగవలసిన మేము, బస్సెక్కిన పిల్లను నిలదీశాము. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు ఇదీ: "చెబితే అబ్బా చదువు మానిపిస్తారు, ఉస్తాద్."

ఈ ఒక్క మాటను ప్రతి తల్లీ తండ్రీ తమ ఇంటికి అన్వయించుకుని చూడాలి. వేధించేవాడి అసలు బలం అతని ఒంట్లో లేదు. ఈ పిల్ల ఇంట్లో చెప్పదు, చెప్పినా ఇంట్లోవాళ్ళు పిల్లనే కట్టడి చేస్తారన్న ధీమాలో ఉంది. మన కూతుళ్ళు నగరంలో రెండు భయాల మధ్య బతుకుతున్నారు. ఒకటి బస్సులోని మనిషి వల్ల కలిగేది, రెండోది మన వల్ల కలిగేది. మొదటిదాన్ని పోగొట్టడానికి పోలీసులు, ప్రభుత్వం, సమాజం అందరూ కావాలి. రెండోదాన్ని పోగొట్టడానికి మనం చాలు.

అన్యాయం జరిగిన స్త్రీనే ప్రశ్నించే ఈ అలవాటు కొత్తది కాదు. 1978 మార్చిలో హైదరాబాదులో ఒక పేద ముస్లిం స్త్రీ భర్తతో కలిసి రెండో ఆట సినిమా చూసి ఇంటికి వెళుతుంటే పోలీసులు పట్టుకున్నారు. స్టేషనులో ఆమెపై అత్యాచారం జరిగింది. నిలదీసిన భర్త, పొట్టకూటికి రిక్షా తొక్కే మనిషి, దెబ్బలు తిని ప్రాణం విడిచాడు. నగరం అట్టుడికిపోయింది. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కానీ ఆ విచారణ సాగినంత కాలం ఆ స్త్రీ నడత మీదే నిందలు వేశారు. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇటువంటి ఘటనలపై దేశమంతటా స్త్రీలు ఉద్యమించిన తరువాత 1983లో చట్టం మారింది.

"తోడు లేకుండా పంపడం వల్లే ఇదంతా" అనే సోదరులు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. ఆమె పక్కన భర్త ఉన్నాడు. తోడు మంచిదే, దూర ప్రయాణంలో తోడు ఉండడం క్షేమమే. మహ్రమ్ లేకుండా స్త్రీ ప్రయాణించడం గురించి, దారి భద్రంగా ఉన్నప్పటి ఆదేశం గురించి ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయ భేదాలు పాతవే. ఆ చర్చలోకి మేము పోవడం లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తు చేస్తాము. దారిదోపిడీల గురించి ఫిర్యాదు వచ్చినప్పుడు దైవప్రవక్త (స) అదీ బిన్ హాతిమ్ (రజి)తో, హీరా పట్టణం నుండి కాబా దాకా ఒక స్త్రీ అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకుండా ప్రయాణించే కాలం వస్తుందని చెప్పారు. ఆ కాలాన్ని తాను కళ్ళారా చూశానని అదీ (రజి) తరువాత చెప్పిన సంగతి బుఖారీలో ఉన్నది. అంటే దారి బాగాలేదన్న ఫిర్యాదుకు జవాబుగా వచ్చింది భద్రమైన దారి గురించిన శుభవార్త. ప్రయాణాలు మానుకోండన్న మాట కాదు.

దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరాలో చూపు అదుపులో ఉంచుకోమన్న ఆదేశం మొదట పురుషులకే వచ్చింది, 30వ ఆయత్‌లో. స్త్రీల ప్రస్తావన ఆ తరువాతి ఆయత్‌లో ఉన్నది. దారి పక్కన కూర్చునేవారు దారికి దాని హక్కు చెల్లించాలని ప్రవక్త (స) బోధించినప్పుడు, చూపు దించుకోవడం, ఎవరికీ హాని కలిగించకపోవడం ఆ హక్కులలో చేరాయి. మన ప్రసంగాల్లో కూతుళ్ళ పరదా గురించి ఎన్ని గంటలు మాట్లాడాము, కొడుకుల చూపు గురించి ఎన్ని నిమిషాలు మాట్లాడాము? ఈ లెక్క మేమూ వేసుకుంటున్నాము, పాఠకులూ వేసుకోవాలి. సిటీ బస్సులో వేధించేవాడు కూడా ఎవరో ఒక తల్లికి కొడుకే.

సహాయం అందే మార్గాలు మునుపటికంటే పెరిగాయి. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో షీ టీములు మొదలయ్యాయి. మామూలు దుస్తుల్లో బస్టాపుల్లో తిరిగే ఈ బృందాలకు వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు బయటపెట్టరు. వద్దన్నా పదే పదే వెంటాడడం 2013 నుండి చట్టరీత్యా నేరం. మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. 2019 నవంబరులో శంషాబాద్ వద్ద యువ పశువైద్యురాలు ఘోరానికి బలైనప్పుడు, ఏ స్టేషను పరిధి అన్న మాటల్లో విలువైన సమయం పోయిందని కుటుంబం వాపోయింది. ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ పద్ధతి 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో చేరింది. మన రాష్ట్రంలో శక్తి యాప్‌ను ముఖ్యమంత్రి 2025 మార్చి 8న మన మార్కాపురంలోనే ప్రారంభించారు. అదే సంవత్సరం ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. తర్లుపాడు నుండో బేస్తవారిపేట నుండో మార్కాపురం కాలేజీకి వచ్చే పిల్లకు టిక్కెట్టు ఖర్చు తప్పింది. మంచిదే. కానీ ఎన్ని ఏర్పాట్లున్నా, ఇంట్లో నోరు విప్పలేని పిల్ల పోలీసుల దగ్గర నోరు విప్పుతుందా?

అందుచేత మన ఊళ్ళలో, మన చేతుల్లో ఉన్న పనులు కొన్ని చెబుతున్నాము. మొదటి ప్రయాణంలో తండ్రో అన్నో వెంట వెళ్ళి, కాలేజీకి, హాస్టలుకు మధ్య దారిని పిల్లతో కలిసి రెండుసార్లు తిరిగి చూడాలి. వీలైతే పగలు చేరే బస్సునే ఎంచుకోవాలి. చీకటితో దిగితే తెల్లవారేదాకా స్టేషను లోపల, నలుగురున్న చోటే కూర్చోమని చెప్పాలి. ఆటో ఎక్కేముందు నెంబరు ఇంటికి పంపే అలవాటు చేయాలి. 112, 181, రైలులో అయితే 139, ఈ నెంబర్లు కూతురికే కాదు, తల్లికీ నోటికి రావాలి. హైదరాబాదులో స్థిరపడిన మన ప్రాంతపు కుటుంబాలు వందలున్నాయి. అవసరానికి పిల్లలను ఆదుకోగలవారి జాబితాను మసీదు కమిటీలు తయారుచేయడం పెద్ద పని కాదు. ఇమాం సాహెబులు ఏడాదిలో ఒక్క జుమాలోనైనా దారి హక్కుల గురించి యువకులకు చెప్పాలి.

వీటన్నింటికంటే ముందు చేయవలసింది ఒకటుంది. దానికి రూపాయి ఖర్చు లేదు. బస్సు ఎక్కించే ముందు తండ్రి తన నోటితో కూతురికి ఒక మాట ఇవ్వాలి. దారిలో ఎవరేమి చేసినా ఇంటికి చెప్పాలని, చెప్పినందుకు చదువు ఆగదని. తల్లి ఇస్తే చాలదు, తండ్రే ఇవ్వాలి. ఇచ్చిన తరువాత నిలబడాలి. పరీక్ష వచ్చేది పిల్ల ఫోను చేసిన రోజున. ఆ రోజు మొదటి ప్రశ్న "ఎందుకు వెళ్ళావు?" అని కాకుండా "నువ్వు క్షేమమేనా, వాడెవడు?" అని రావాలి.

మేము చెప్పిన ఆ అమ్మాయి తండ్రితో మేమే వెళ్ళి మాట్లాడాము. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. కోపం ఎవరి మీద చూపాలో తెలియని తండ్రి బాధ అది. సెలవులు ముగిశాక కూతురితో కలిసి తానే బస్సెక్కారు. వారం రోజులు అక్కడే ఉండి, ఫిర్యాదు ఇప్పించి, ఒంటరిగా తిరిగి వచ్చారు. అమ్మాయి చదువుకుంటోంది.