తొలిపూత తుంచే ఓపిక

మన కాలేజీ సావనీరులో క్రికెట్ గురించో కబడ్డీ గురించో రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆస్ట్రేలియా దాటితే పెద్దగా ఎవరూ ఆడని ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గురించి ఒక బి.యస్సీ. విద్యార్థి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, కాని చివరిదాకా చదవండి. నేను చెప్పబోయేది గోల్స్ లెక్క కాదు. ఆటలో దెబ్బ తగిలిన కుర్రవాడి విషయంలో క్లబ్బు, కోచ్, ప్రేక్షకులు ఎంతకాలం ఓపిక పట్టాలి, అసలు ఓపిక అంటే ఏమిటి అన్నది నా ప్రశ్న. ఆ ప్రశ్న ఈ ఆటలో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

ముందు ఆట సంగతి. దీని నిబంధనలు 1859లో మెల్‌బోర్న్‌లో రాశారు. మనం టీవీలో చూసే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ వంటి అండాకారపు మైదానాల్లోనే ఆడతారు. జట్టుకు 18 మంది. బంతి కూడా అండాకారమే. దాన్ని కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించవచ్చు, ఎదుటివాడి వీపు మీదుగా ఎగిరి గాలిలోనే పట్టుకోవచ్చు. ఆఫ్‌సైడ్ అనేది లేదు కనుక నాలుగు పక్కల నుంచీ మీద పడతారు. పరుగు మధ్యలో ఒక్కసారిగా మలుపు తిరగడం, పైనుంచి ఒంటికాలి మీద దిగడం, ఈ రెండూ మోకాలికి పరమ శత్రువులు. ఈ ఆటలో రెండూ తప్పవు.

ఇక డ్రాఫ్ట్ అనే పద్ధతి. ఏటా చివర్లో, 18 ఏళ్ళ ప్రాయంలో ఉన్న కుర్రవాళ్ళను 18 క్లబ్బులు వంతుల వారీగా ఎంచుకుంటాయి. ఆ ఏడు అడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఏ కుర్రవాణ్ణి ఎన్నో వాడిగా పిలిచారో ఆ నంబరు జన్మంతా వాణ్ణి వదలదు. ఇంటర్ పాసైన మనవాళ్ళకు ఎంట్రన్సు ర్యాంకు ఎలా అంటుకుంటుందో వాళ్ళకు అది అలా అంటుకుంటుంది.

2014 డ్రాఫ్ట్ తీసుకోండి. ఒకటో నంబరుగా పాడీ మెకార్టిన్‌ను సెయింట్ కిల్డా క్లబ్బు ఎంచుకుంది. రెండో నంబరుగా క్రిస్టియన్ పెట్రాకాను మెల్‌బోర్న్ క్లబ్బు ఎంచుకుంది. ఒకే ఏడు, ఒకే వయసు, పక్కపక్క నంబర్లు. ఆ తరువాత ఇద్దరి దారులూ చూడండి.

పెట్రాకా ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, 2015 ఫిబ్రవరిలో శిక్షణలోనే మోకాలి లిగమెంటు తెగింది. 2015 మొత్తం పోయింది. మొదటి మ్యాచ్ 2016లో ఆడాడు. ఆ తరువాత కూడా వెంటనే ఆకాశానికి ఎగిరిపోలేదు. ఏటా దేశంలోని మేటి ఆటగాళ్ళతో ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో అతని పేరు తొలిసారి కనిపించింది 2020లో, అంటే ఎంపికైన ఆరో సీజనులో. మరుసటి ఏడు గ్రాండ్ ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం అతనిదే. 1964 తరువాత 57 ఏళ్ళకు మెల్‌బోర్న్ క్లబ్బు ఛాంపియన్ అయింది. 2015లోనో 2017లోనో ఎవరైనా వాణ్ణి చూసి, "ఇది చెల్లని నాణెం" అని పక్కన పెట్టి ఉంటే? అలా తీర్పు చెప్పేవాళ్ళకు ఏ ఊళ్ళోనూ కరువు లేదు.

ఈ తీర్పులు ఎందుకు తప్పుతాయో జీవశాస్త్రం చెబుతుంది. మోకాలిలో ఎ.సి.ఎల్. అనే లిగమెంటు తెగితే, సాధారణంగా తొడ వెనుక నుంచో మోకాలిచిప్ప కింద నుంచో ఒక టెండన్ ముక్క తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి, పాత లిగమెంటు చోట బిగిస్తారు. దీన్నీ మన మామిడి అంటునూ ఇంగ్లీషువాడు ఒకే మాటతో పిలుస్తాడు, గ్రాఫ్ట్ అని. కొత్తచోట పెట్టిన ఆ ముక్కకు మొదట్లో రక్తప్రసరణ ఉండదు. దానిలోని కణాలు చాలావరకు చనిపోతాయి. తరువాత చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు, కొత్త కణాలు దానిలోకి పాకుతాయి. పాత నారలు పోయి కొత్తవి అల్లుకుంటాయి. ఈ మార్పు జరిగే తొలి నెలల్లో గ్రాఫ్ట్, ఆపరేషను రోజున ఉన్న దానికంటే బలహీనంగా ఉంటుంది. పని పూర్తికావడానికి ఏడాది దాటుతుంది. చిత్రమేమిటంటే, వాపు తగ్గి, కుంటు పోయి, "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా" అని కుర్రవాడు గంతులు వేసేదీ ఆ నెలల్లోనే. నొప్పి తగ్గడం వేరు, అతకడం వేరు.

2016లో వెలువడిన డెలావేర్–ఓస్లో పరిశోధన ఒకటుంది. ఆపరేషను తరువాత తొమ్మిది నెలల వరకు, ఆటలోకి తిరిగి రావడాన్ని ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మోకాలికి మళ్ళీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగానికి సగం తగ్గిందని అందులో తేలింది. అదే ఏడు అనేక పరిశోధనలను కలిపి చూసిన మరో విశ్లేషణ ప్రకారం, పాతికేళ్ళ లోపు వయసులో ఆటలోకి తిరిగి వచ్చినవాళ్ళలో నూటికి 23 మందికి ఆ మోకాలిలోనో రెండో మోకాలిలోనో మళ్ళీ ఎ.సి.ఎల్. దెబ్బతింది. "కుర్రవాడు కదా, త్వరగా కోలుకుంటాడు" అని మనం ధైర్యం చెబుతాం. లెక్క చూస్తే ఎక్కువ జాగ్రత్త కావలసింది కుర్రవాడికే.

మా ఇంట్లో మూడెకరాల బంగినపల్లి తోట ఉంది. అంటు మొక్క నాటిన రెండో ఏడే, నడుమెత్తు కూడా లేనిది, ఒళ్ళంతా పూత పూసింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. మా నాన్న పొద్దున్నే వెళ్ళి మొక్క మొక్కకీ పూత తుంచేసేవాడు. గట్టున పోయేవాళ్ళు, "చేతికొచ్చేదాన్ని కాలదన్నుకుంటావేంటయ్యా?" అనేవాళ్ళు. "ఇప్పుడు నాలుగు కాయలు తింటే రేపు చెట్టుండదు" అనేవాడాయన. అలా మూడేళ్ళు తుంచాడు. ఆ మూడేళ్ళూ ఊరికే కూర్చోలేదు. పాదులు చేశాడు, నీళ్ళు మోశాడు, గాలికి విరగకుండా కర్ర పాతి కట్టాడు, అంటు కింద నుంచి పొడుచుకొచ్చే నాటు చిగుళ్ళు గిల్లేశాడు. నేను ఓపిక అంటున్నది దీన్ని. చేతులు కట్టుకుని ఎదురుచూడడం ఓపిక కాదు. ఫలితం కనపడని పనిని రోజూ చెయ్యడం ఓపిక. దెబ్బ తగిలిన ఆటగాడి ఏడాది కూడా అటువంటిదే. పొద్దున లేస్తే తొడ కండరాలకు కసరత్తు, ఒంటికాలి మీద నిలబడడం, గెంతడం, దిగడం మళ్ళీ నేర్చుకోవడం. చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండరు. స్కోరు బోర్డు ఉండదు.

దీనికి ఒక గట్టి వాదన ఎదురవుతుంది, దాన్ని దాటవెయ్యకూడదు. "క్లబ్బేమీ ధర్మసత్రం కాదు. జట్టులో స్థానాలు లెక్కగానే ఉంటాయి. ఒకడి కోసం రెండేళ్ళు ఆగితే బయట నిలబడ్డ మరో కుర్రవాడి నోట్లో మట్టి కొట్టినట్టు కాదా?" అంటారు. ఒప్పుకుంటాను, స్థానాలు లెక్కే. కాని ఇంకో లెక్క కూడా చూడాలి. డ్రాఫ్టులో వచ్చిన కుర్రవాడి మొదటి ఒప్పందం రెండు మూడేళ్ళకే. అందులో ఒక్క మోకాలి ఆపరేషను ఒక ఏడాదిని మింగేస్తుంది. పోయిన తూకం, వేగం, దేహం మీద నమ్మకం తిరిగి రావడానికి మరికొన్ని నెలలు. ఇక వాడు తనేమిటో చూపించేదెప్పుడు? నారుమడి ఎండిపోయిన ఏడు దిగుబడి కొలిచి పొలం దండగ అన్నట్టుంటుంది ఆ తీర్పు. బయటివాడికి దారి తెరవడానికి వేరే మార్గాలున్నాయి. సీజను మధ్యలో ఆటగాళ్ళను తీసుకునే డ్రాఫ్టును 2019లో మళ్ళీ తెచ్చారు. దీర్ఘకాలపు గాయంతో ఎవరైనా జట్టుకు దూరమైతే ఆ ఖాళీలో కొత్తవాణ్ణి తీసుకోవచ్చు. అంటే ఒకణ్ణి గెంటితేనే ఇంకొకడికి చోటన్నది పూర్తి నిజం కాదు.

ఇప్పుడు ఒకటో నంబరు మెకార్టిన్ సంగతి. ఇతనికి దెబ్బలు తగిలింది తలకు. ఒకసారి కాదు, పలుమార్లు. 2019 చివర సెయింట్ కిల్డాతో బంధం తెగింది. ఇక అయిపోయిందనుకున్న మనిషి సిడ్నీ క్లబ్బులో మొదట దిగువ పోటీల్లో ఆడి, 2022లో పెద్ద లీగులోకి తిరిగి వచ్చాడు. తమ్ముడు టామ్ పక్కన రక్షణ వరుసలో నిలబడి ఆ ఏటి గ్రాండ్ ఫైనల్ ఆడాడు. 2023లో తలకు మళ్ళీ దెబ్బ తగిలింది. ఆ ఏడే ఆటకు సెలవు చెప్పాడు.

"చూశావా, రెండో నంబరును నమ్మినవాళ్ళు గెలిచారు, ఒకటో నంబరును నమ్మినవాళ్ళు ఓడారు" అని ఎవరైనా అంటే, అక్కడే నేను విభేదిస్తాను. పంట చేతికి వస్తేనే ఓపిక సార్థకం అనుకుంటే అది ఓపిక కాదు, వడ్డీ వ్యాపారం. పద్దెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి ఇంటి నుంచి తీసుకువచ్చి, వాడి మోకాలినీ తలనూ పెట్టుబడిగా పెట్టించి ఆట ఆడించుకున్నాక, ఆ శరీరం దెబ్బతిన్నప్పుడు ఆదుకోవడం బాకీ తీర్చడమే. దయ కాదు. మోకాలి విషయంలో ఆ బాకీ, "తొందరపడకు, నీ చోటు నీదే" అనడంతో తీరవచ్చు. తల విషయంలో, "ఇక చాలు నాయనా, ఆట కంటే నువ్వు ముఖ్యం" అనడంతో తీరాలి. మోకాలికి ఏడాది తరువాత ఒక పరీక్ష పెట్టి చూడవచ్చు. మెదడుకు గ్రాఫ్టు లేదు. ఆగి చూడటం, ఆపెయ్యడం రెండూ ఓపికలో భాగాలే. ఏది ఎప్పుడన్నది గెలుపోటముల పట్టిక చూసి నిర్ణయించకూడదు, మనిషిని చూసి నిర్ణయించాలి.

ఆగి చూసినందుకు ఫలించిన కథలూ లేకపోలేదు. 2019 డ్రాఫ్టులో ఒకటో నంబరు మ్యాట్ రోవెల్. గోల్డ్ కోస్ట్ క్లబ్బు తరఫున 2020లో ఆరంభం అదరగొట్టాడు. ఐదో మ్యాచ్‌లో భుజం పోయింది, ఆ సీజను ముగిసింది. 2021 మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ. అదే క్లబ్బులో ఉండి 2025లో, అంపైర్ల ఓట్లతో ఇచ్చే బ్రౌన్లో పతకం గెలుచుకున్నాడు. ఇక క్రికెట్ అభిమానులకు పాట్ కమిన్స్ గురించి నేను చెప్పనక్కరలేదు. 2011లో 18 ఏళ్ళ వయసులో జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. వెన్నెముక చిట్లి, రకరకాల గాయాలతో, రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, మన రాంచీలో. 2024లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను ఐ.పి.ఎల్. ఫైనల్‌కు నడిపించిన కెప్టెన్ ఆయనే. ఉప్పల్ స్టేడియంలో కేకలు వేసిన మనం, ఆ అయిదేళ్ళ నిశ్శబ్దాన్ని ఎవరు భరించారో ఆలోచించామా?

అక్కడ క్లబ్బుకు డాక్టరుంటాడు, ఫిజియో ఉంటాడు, జీతం ఉంటుంది. అంత ఉన్నచోటే ఓపిక ఇంత కష్టమైతే, ఏమీ లేని మన మైదానాల మాటేమిటి? మా ఊళ్ళో ఒక అన్న ఉన్నాడు. కబడ్డీలో కూతకు వెళితే ఇద్దరు ముగ్గుర్ని తాకి గానీ వచ్చేవాడు కాదు. ఒక సంక్రాంతి పందేల్లో మోకాలు మెలిపడింది. నువ్వులనూనె రాసి, గుడ్డ బిగించి, మూడోవారమే మళ్ళీ కోర్టులో దింపారు. పరువు పోటీ మరి! ఆ మోకాలు మళ్ళీ లేవలేదు. ఇవాళ ఆ అన్న గొంతుకు కూర్చుని కలుపు తియ్యలేడు. ఆ కప్పు ఎవరింట్లో ఉందో ఎవరికీ గుర్తు లేదు.

అందుకే విద్యార్థి సంఘానికీ, ఆటల బాధ్యత చూసే పెద్దలకూ నా మనవి మూడే మూడు మాటలు. దెబ్బ తగిలినవాణ్ణి డాక్టరు సరే అనేదాకా ఎంత పెద్ద పోటీ అయినా దింపవద్దు. చికిత్స రోజులకు హాజరు పట్టీలో శిక్ష వెయ్యవద్దు. వాడి పేరు జట్టు పట్టికలోంచి కొట్టెయ్యవద్దు. స్కోరు రాయడానికో, జూనియర్లకు నేర్పడానికో ప్రాక్టీసుకు రోజూ పిలవండి. ఇందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు.

వచ్చే ఏటి సావనీరులో ఎప్పటిలాగే జట్ల ఫోటోలు వేస్తారు. కప్పు పట్టుకున్నవాళ్ళ పక్కన, ఆ ఏడు దెబ్బ తగిలి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయిన కుర్రవాడు కూడా కూర్చుని ఉండాలని నా కోరిక.