లేబర్ రూమ్ తర్వాత

తెలుగు సాహిత్యం స్త్రీ శరీరం గురించి మాట్లాడాల్సిందంతా మాట్లాడేసిందని మనకో భ్రమ. పైట గురించి రాశాం, బహిష్టు గురించి రాశాం. కొండేపూడి నిర్మల లేబర్ రూమ్‌నే కవిత్వంలోకి తెచ్చారు. 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వచ్చింది, ముప్పై ఏళ్ళు దాటాయి. సరే, ఆ లేబర్ రూమ్‌లోంచి బయటికొచ్చిన మనిషి తర్వాత తుమ్మితే ఏమవుతుంది? దగ్గితే? బిందె ఎత్తితే? నేను చదివిన కథల్లో ఎవరికీ ఏమీ అవ్వదు. మన ఇళ్ళల్లో మాత్రం చీర తడుస్తుంది.

దీన్ని 'సిగ్గు' అని సరిపెట్టేవాళ్ళతో నాకు పేచీ. సిగ్గు ఉంది, కాదనను. దానికంటే బలమైంది 'కాన్పులయ్యాక ఇవన్నీ మామూలే' అన్న నమ్మకం. అమ్మకుంది, అత్తకుంది, పిన్నికుంది, కాబట్టి అది రోగమే కాదు, ఆడపుట్టుక. మామూలైన దానికి డాక్టర్ దగ్గరికి ఎవరు వెళ్తారు? ఆ నమ్మకంలోంచి చూస్తే వెళ్ళకపోవడమే సబబు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో, బగ్‌ని 'ఇది ఇంతే' అని మూసేశాక మిగిలేవి వర్కరౌండ్లే. బస్సెక్కే రోజు నీళ్ళు మానెయ్యడం. పెళ్ళికెళ్తే ముందు బాత్రూమ్ ఎక్కడో చూసుకోవడం. ముదురు రంగు చీరలు. మడి పోయిందని దేవుడి గదికి దూరం జరగడం. అన్నీ తెలివైన ఏర్పాట్లే, కానీ కొన్ని ఎదురు తన్నుతాయి. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది. 'ఎందుకైనా మంచిది' అని మాటిమాటికీ వెళ్తే, కొంచెం నిండగానే తొందరపెట్టడం దానికి అలవాటైపోతుంది.

మన బాలింత జాగ్రత్తలు చూడండి. చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ, కాయం, నడికట్టు, పొట్ట పెరుగుతుందని నీళ్ళకి కూడా కొలత. పొట్ట పైకి కనబడుతుంది కాబట్టి దానికో కట్టు. మూత్రాశయాన్నీ గర్భసంచినీ కిందనుంచి ఊయలలా మోసే కండరాలు కనబడవు, వాటిని పట్టించుకునే నాథుడు లేడు. వాటికి వ్యాయామం ఉందని అమెరికన్ డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశాడు. బిగించడం, కాసేపు పట్టి ఉంచడం, వదలడం. సరిగ్గా నేర్చుకుని కనీసం మూడు నెలలు చేస్తే, దగ్గినా తుమ్మినా కారే రకం చాలామందికి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది. ఆపుకోలేనంత తొందర వచ్చే రకానికి వేరే శిక్షణ ఉంది, మందులున్నాయి.

ఈ వ్యాయామం మన ఇళ్ళకి చేరలేదు గానీ ఆపరేషన్ చేరింది. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంక గర్భసంచితో పనేంటి' అన్నది ఇంకో నమ్మకం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళ శాతం దేశంలో అందరికంటే ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లో, ఆ తర్వాత తెలంగాణలో. గర్భసంచి తీసేశాక మూత్రం ఆగని ఇబ్బంది వచ్చే ముప్పు పెరగొచ్చని ఆవిడకి ముందే చెప్పేవాళ్ళెందరు?

ఇది డాక్టర్లు చూసుకోవాల్సింది, సాహిత్యానికేం పని అంటారా? ఏది మామూలో, ఏది చెప్పుకోదగ్గ బాధో జనానికి నేర్పేవాటిలో కథలు కూడా ఉన్నాయి. మన కథల్లో పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులుంటాయి, బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది, ఒంటరితనం దండిగా ఉంటుంది. కొడుకు టికెట్ పంపినా అమెరికా రానంటుంది. ఊరి మీద మమకారం అని రాసేసి, చదివి, కళ్ళు తుడుచుకుంటాం. ఇరవై గంటల ప్రయాణం, కిటికీ పక్క సీటు, లేచిన ప్రతిసారీ కాళ్ళు ముడుచుకుని దారివ్వాల్సిన ఇద్దరు మగాళ్ళు. మమకారమేనా? ఒక్క రచయితైనా ఆవిణ్ణి అడగాలి కదా.