ఉప్పు: పుక్కిలిస్తే మేలు, మింగితే చేటు

గొంతు గరగరమంటే ఇంట్లో పెద్దవాళ్లు మొదట చెప్పే మాట ఒకటే: గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పేసి పుక్కిలించమని. 2020లో కరోనా విరుచుకుపడ్డప్పుడు ఈ చిట్కాకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే కరోనా సోకదనడానికి ఆధారాల్లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించాల్సి వచ్చింది. మరి చిట్కా వట్టిదేనా? కాదు. అలాగని సర్వరోగ నివారిణీ కాదు. అసలు కిటుకు కణాల్లో ఉంది.

వైరస్ చొరబడిందని పసిగట్టిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ దీన్ని కనుగొన్నారు. అయితే చుట్టూ ఉప్పు మితిమీరితే, ఉప్పు పట్టించిన మామిడి ముక్కలోంచి ఊట దిగినట్లు కణంలోని నీరు బయటికొచ్చేస్తుంది. కణం ముడుచుకుపోయి, ప్రోటీన్ల తయారీ కుంటుపడుతుంది. అలాంటప్పుడు కొన్ని వైరస్‌ల ప్రోటీన్లు మాత్రం కణం సొంత ప్రోటీన్లకన్నా మెరుగ్గా తయారవుతాయని 1975లోనే తేలింది. అంటే, ఉప్పు దెబ్బ ఇంటివాడికే గానీ దొంగకు అంతగా తగలదన్నమాట.

ఉప్పు కొద్దిగానే పెరిగితే కథ వేరు. ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2018లో మానవ కణాలపై చేసిన ప్రయోగాల్లో ఉప్పు చేర్చినప్పుడు జలుబు, ఫ్లూ వైరస్‌ల వృద్ధి తగ్గింది. ఆ ఘనత సోడియంది కాదు, క్లోరైడ్‌ది. కణాలు దాంతో హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేసుకుంటాయి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో క్రిములను చంపేదీ అదే. ఉప్పునీటితో ముక్కు కడుక్కుని, పుక్కిలించినవారిలో జలుబు సుమారు రెండు రోజుల ముందే తగ్గినట్లు 2019లో ఆ బృందమే జరిపిన చిన్న అధ్యయనంలో వెల్లడైంది.

అందుకని కూరలో ఉప్పు పెంచితే అసలుకే మోసం. తిన్న ఉప్పు ముక్కు కణాలకు కాపలా కాయదు. అదనపు సోడియాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ పరిశోధనలో వారంపాటు రోజూ 6 గ్రాముల ఉప్పు అదనంగా తీసుకున్నవారి తెల్ల రక్తకణాలకు బ్యాక్టీరియాను చంపే సత్తా తగ్గిందని 2020లో తేలింది. పైగా రక్తపోటు ముప్పు ఎలాగూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి రోజుకు 5 గ్రాములలోపే. భారతీయులు సగటున అంతకన్నా ఎక్కువే తింటున్నారు.

పెద్దవాళ్ల మాట సబబే. కాకపోతే వాళ్లు పుక్కిలించి ఉమ్మేయమన్నారు, మింగమనలేదు.