మాంటెరే అఖాతమున ఒక యుదయము



క్రిందటి ఆగస్టు మాసమున మేము అమెరికాదేశమందు, కాలిఫోర్నియా రాష్ట్రములోని శాన్‌హోసే నగరమున మా చెల్లెలి కుమార్తె యింట నుంటిమి. ఒకనాటి సాయంకాలము పెసరట్లకు పప్పు నానవేయుచుండగా ఆమె వచ్చి, "వంటయిల్లు ఎక్కడికీ పోదు పెద్దమ్మా, రేపు తిమింగిలాలను చూచి వద్దాం రండి" అనెను. మరునాడు చీకటితోనే ఆమెయు, తొమ్మిదేండ్ల ఆమె కూతురును, మేమును బయలుదేరి గంటన్నరలో మాంటెరే రేవు చేరితిమి.

తీరమంతయు మంచు క్రమ్మియుండెను. రేవుగట్టు రాళ్లపై సముద్రసింహములు కుక్కలవలె మొరుగుచుండెను. పడవ కొంతదూరము పోవునప్పటికి డాల్ఫినులు గుంపుగా వచ్చి, పడవ మూతిముందు పందెము వేసినట్లు ఈదినవి. పిల్ల చప్పట్లు చరచుచుండగనే అవి వచ్చినంత వేగముగ పోయినవి.

ఈ అఖాతము క్రింద ఒక మహాలోయ గలదు. అది తీరము చెంతనే మొదలై 3,600 మీటర్లకు మించిన లోతునకు దిగును. వసంత గ్రీష్మములందు వాయవ్యపు గాలులు పైనీటిని తీరమునుండి త్రోసివేయగా, అడుగునున్న చల్లని, సారవంతమైన నీరు పైకి వచ్చును. దానివలన కంటికి కానరాని నాచు పెరుగును. నాచును తిని చిన్నరొయ్యలవంటి ప్రాణులును, మన తీరమున నెత్తళ్లనెడి చేపల జాతివియు లెక్కకు మిక్కిలిగా వృద్ధియగును. ఈ సంతర్పణకే తిమింగిలములు వచ్చుట.

మేము చూచినవి హంప్‌బ్యాక్ అను జాతివి. మునుగునపుడు వీపును గూనివలె వంచుటచే వానికి ఆ పేరు వచ్చినది. దూరమున ఆవిరి స్తంభమువలె ఊపిరి లేచెను. దాని ప్రక్కనే మరియొక చిన్న ఊపిరి. తల్లియు బిడ్డయు! పడవ నడుపువాడు నూరుగజముల దూరముననే యంత్రము నాపివేసెను. మా ప్రక్కనున్న పెద్దమనిషి, "ఇంత డబ్బు పుచ్చుకొని ఇంత దూరముననా చూపుట?" అని విసుగుకొనెను. నిజము చెప్పవలెనన్న, మా మనసులోను అదే మాట యుండెను.

అప్పుడు పడవలో వివరములు చెప్పు యువతి ఆ తల్లి సంగతి చెప్పినది. ఈ తిమింగిలములు శీతకాలమున మెక్సికో, మధ్య అమెరికా తీరముల వెచ్చని నీటిలో ఈనును. అక్కడ వానికి ఆహారము దాదాపు శూన్యము. తల్లి ఇంచుమించు పదునొకండు నెలలు మోసి, కని, తిండిలేక తన యొంటి క్రొవ్వునే కరగించి బిడ్డకు పాలిచ్చును. ఆ పాలలో మన గేదెపాలకంటె ఎన్నోరెట్లు వెన్న యుండును. పిమ్మట బిడ్డను వెంటబెట్టుకొని వేయిమైళ్లకు మించి ఈదివచ్చి, ఇక్కడ నోరు తెరచును. పడవలు పైబడిన ఆ తిండి మాని తొలగిపోవలసివచ్చును. బాలింతరాలు విస్తరిముందు కూర్చున్నప్పుడు గుమ్మములో నిలిచి పలుకరింపరాదని మా యత్తగారు కోప్పడెడివారు. అది జ్ఞప్తికి వచ్చి మేము కొంచెము సిగ్గుపడితిమి.

అంతలో తల్లి నోరు తెరచి నీటినుండి పైకి లేచెను. గొంతుక్రింది ముడుతలు సంచివలె ఉబ్బినవి. చేపలు ఎగిరిపడుచుండ పక్షులు మూగినవి. గాలి మావైపు మరలగా దాని ఊపిరి వాసన వచ్చెను. కుళ్లిన చేపల బుట్ట గుర్తునకు వచ్చినదని మాత్రము చెప్పుదుము!

మునుగునపుడు పైకెత్తిన తోకను పిల్ల ఫొటో తీసెను. తోక అడుగుభాగమందలి నలుపు తెలుపు మచ్చలు మన వ్రేలిముద్రలవలె ఒకదానివి వేరొకదానికి ఉండవు. ఇట్టి ఫొటోలనుబట్టియే పండితులు వీనిని లెక్కించుచున్నారు. ఉత్తర పసిఫిక్ సముద్రమున 1966 నుండి వీని వేట నిషేధింపబడగా సంఖ్య పెరిగి, 2012 నాటికి 33,000 దాటెను. పిమ్మట సముద్రజలము వేడెక్కి ఆహారము తగ్గుటచే, 2021 నాటికి 27,000 లోపునకు పడిపోయెను. వేట మానినంతమాత్రమున కడుపు నిండదు గదా!

తిరిగివచ్చి ఊరిలో పాత తిమింగిల వేటగాండ్ర భవనము చూచితిమి. దాని ముందరి కాలిబాట తిమింగిలముల వెన్నెముకలు పరచి కట్టినది. పిల్ల దానిపై అడుగుపెట్టక పక్కగా నడచెను. కారణము మేమడుగలేదు.

పోదలచిన సోదరీమణులకు ఒక మాట. ఏప్రిల్ మొదలు నవంబరు వరకు ఇవి అక్కడ నుండును. ఉదయమున గాలి తక్కువ గనుక ఆ వేళయే మేలు. వికారము కలుగువారు అల్లపుముక్క వెంట నుంచుకొనుడు. ఆగస్టు గదాయని శాలువ మరువకుడు. మేము మరచి, పడవలోని వారి దుప్పటి అరువు తెచ్చుకొంటిమి.