హాజరు పట్టీలో లేని పేర్లు

పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటే తెలిసిన తంతే: గురువులకు శాలువాలు, పాత తరగతి గదిలో మళ్లీ హాజరు పిలుపు, గ్రూప్ ఫొటో, భోజనాలు. ఆ సంతోషం న్యాయమైనదే. మరి చదువు మధ్యలో ఆపేసినవారిని ఎవరు పిలుస్తారు?

మిన్నీ బే ఉన్న శ్రీ విజయపురంలో (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) ఒక సాంకేతిక విద్యాసంస్థకు అంబేడ్కర్ పేరుంది. అదే అండమాన్ నికోబార్‌కు 341వ అధికరణ కింద షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. 2011 జనగణనలో అక్కడ ఎస్సీల సంఖ్య సున్నా. వలస వెళ్తే ఎస్సీ, ఎస్టీ హోదా వెంట రాదని మర్రి చంద్రశేఖర రావు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. ఆంధ్ర తీరం నుంచి ఓడెక్కిన దళిత కుటుంబానికి కులం తోడొచ్చింది, హక్కు రేవులోనే ఆగిపోయింది. లెక్కలో లేని విద్యార్థి చదువు మానేసినా లెక్కకు రాడు.

1952లో గౌరవ డాక్టరేట్ అందుకోవడానికి అంబేడ్కర్ తాను చదివిన కొలంబియాకు తిరిగి వెళ్లారు. అప్పటికే బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ స్థాపించి ఆరేళ్లయింది. తాను దాటిన గడప ఇతరులూ దాటేలా చూశారు.

మన సమ్మేళనాలూ ఆ పని చేయాలి. చదువు ఆగినవారినీ పిలవాలి. శాలువాల ఖర్చు తగ్గించి మొదటి తరం విద్యార్థుల ఫీజు కట్టాలి. ద్వీపాల్లో దళితుల గుర్తింపు కోసం తీర్మానం చేసి కేంద్రానికి పంపాలి.