మందు గెలిచింది, షేరు పడింది

2023 డిసెంబర్ 8న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సికిల్ సెల్ వ్యాధికి రెండు జన్యు చికిత్సలను ఒకే రోజు ఆమోదించింది. ఒకటి పెద్ద కంపెనీ వెర్టెక్స్‌ది, రెండోది మసాచుసెట్స్‌లోని చిన్న కంపెనీ బ్లూబర్డ్ బయోది. పుట్టినప్పటి నుంచి నొప్పితో బతుకుతున్న రోగులకు అది శుభవార్తే. కానీ అదే రోజు బ్లూబర్డ్ షేరు దాదాపు 40 శాతం పడిపోయింది.

కారణాలు లేకపోలేదు. వెర్టెక్స్ చికిత్స ధర 22 లక్షల డాలర్లు, బ్లూబర్డ్‌ది 31 లక్షలు. పైగా రక్త క్యాన్సర్ ముప్పు ఉందన్న హెచ్చరిక దానికి జతపడింది. అమ్ముకుని సొమ్ము చేసుకోవచ్చని ఆశించిన ప్రత్యేక వోచర్ కూడా దక్కలేదు. అయితే ఇవన్నీ తూచి ధర తేల్చింది రోగులూ కాదు, వైద్యులూ కాదు. ప్రధానంగా పెద్ద ఫండ్లే.

చిన్న బయోటెక్ కంపెనీకి ఏళ్ల తరబడి ఖర్చే తప్ప రాబడి ఉండదు. కొత్త షేర్లు అమ్ముకుంటూ నెట్టుకురావాలి. వాటిని పెద్దమొత్తంలో కొనగలిగేది ఫండ్లే, ధర తగ్గించమని పట్టుబట్టేదీ అవే. ఇలాంటి షేర్లకు రోజూ కొనేవారు తక్కువ. అందుకే ఒక పెద్ద ఫండ్ బయటపడాలనుకుంటే ఆ అమ్మకమే ధరను కిందికి లాగుతుంది. ధర పడితే కంపెనీకి మళ్లీ డబ్బు పుట్టడం కష్టం.

అక్కడి పెద్ద ఫండ్లు మూడు నెలలకోసారి తమ వాటాలు ప్రకటించాలి. గడువు 45 రోజులు. "ఫలానా ఫండ్ కొన్నదట" అని అమెరికాలోని మన పిల్లలు జీతం పొదుపు పెట్టేనాటికి ఆ ఫండ్ అమ్మేసి ఉండవచ్చు. ఫండ్ పేరుకన్నా, కంపెనీ చేతిలోని నగదు ఎన్ని నెలలకు సరిపోతుందో చూడడం మేలు.

ఫండ్లను దుర్మార్గులనడం న్యాయం కాదు. ఏళ్ల తరబడి పరిశోధనకు డబ్బిచ్చిందీ వాళ్లే. కానీ వాళ్లు జవాబు చెప్పాల్సింది సొమ్ము పెట్టినవారికి, రోగికి కాదు. ఒకప్పుడు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు పలికిన బ్లూబర్డ్‌ను 2025 ఫిబ్రవరిలో కార్లైల్, ఎస్‌కే క్యాపిటల్ సంస్థలు సుమారు 3 కోట్ల డాలర్ల తక్షణ చెల్లింపుకు కొనడానికి ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత ధర కొంత పెంచి జూన్‌లో సొంతం చేసుకున్నాయి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆదిలాబాద్, అల్లూరి జిల్లాల గిరిజన బిడ్డలనూ ఈ వ్యాధి పీడిస్తోంది. 2047 నాటికి దీన్ని నిర్మూలిస్తామని కేంద్రం 2023లో మిషన్ ప్రారంభించింది. ఢిల్లీలోని ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఐజీఐబీ కూడా జన్యు చికిత్సపై పనిచేస్తోంది. అలాంటి చోట నిధులు ఏటా ఆగకుండా అందాలి. షేరు ధర పడినంత మాత్రాన మందు విలువ పడదు, రోగి అవసరం తీరదు. మార్కెట్ ఓపిక నశించిన చోట ప్రభుత్వం నిలబడాలి.