సంవత్సరాంతపు దానాలు – సంవత్సరమంతటి హక్కులు

డిసెంబరు మాసం ప్రవేశించగానే మన రైల్వే పట్టణాలలో సేవా కార్యక్రమాల సందడి మొదలవుతుంది. ఖరగపూర్ మొదలు గుంతకల్లు వరకు, బిలాస్‌పూర్ మొదలు కాజీపేట వరకు స్టేషను ఆవరణలలో దుప్పట్ల పంపిణీ, ఆసుపత్రులలో రోగులకు పండ్లు, రొట్టెలు, తపాలా కార్యాలయాల వద్ద గ్రామీణ డాక్ సేవకులకు శాలువాలు – ఇవన్నీ వరుసగా జరుగుతున్నవి. వీటి వెనుక రోటరీ, లయన్స్ వంటి సేవా క్లబ్బులు ఉన్నవి. ఇటీవల కొన్నిచోట్ల మన సంఘ శాఖలు కూడా ఈ కార్యక్రమాలలో భాగస్వాములు అవుతున్నవి. కనుక ఈ దానాల పట్ల కార్మిక సంఘం వైఖరి ఏమై ఉండాలన్న ప్రశ్నను మనం సూటిగా చర్చించుకోవలసిన అవసరం ఏర్పడింది.

మొదట న్యాయంగా చెప్పవలసిన మాట చెప్పుకుందాం. సేవా క్లబ్బులన్నీ ఆడంబరం కోసమే పుట్టినవని తోసిపుచ్చడం సత్యదూరం. 1905లో చికాగోలో ఆరంభమైన రోటరీ 1920 నాటికే కలకత్తా చేరింది. 1917లో అదే చికాగోలో పుట్టిన లయన్స్ సంస్థ 1956లో మన దేశంలో అడుగుపెట్టింది. 1925లో హెలెన్ కెల్లర్ చేసిన విజ్ఞప్తి నాటినుండి లయన్స్ సంస్థ కంటిచూపు రక్షణను తన ప్రధాన కర్తవ్యంగా స్వీకరించింది. శుక్లాల ఆపరేషనుతో తిరిగి చూపు పొందిన వృద్ధ కార్మికుడికి ఆ సేవ విలువ ఎంతో మనం చెప్పనక్కరలేదు.

పోలియో నిర్మూలన ఇంతకంటె గొప్ప ఉదాహరణ. 1985లో రోటరీ ఈ కార్యాన్ని ప్రపంచవ్యాప్తంగా చేపట్టింది. 1995లో మన ప్రభుత్వం పల్స్ పోలియో ప్రారంభించింది. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అయితే ఈ విజయ రహస్యం ఎక్కడ ఉన్నదో గమనించండి. క్లబ్బులు నిధులు సేకరించినవి, ప్రచారం చేసినవి, స్వచ్ఛంద సేవకులను పంపినవి. కాని చుక్కల మందు ప్రతి బిడ్డ నోటికి చేరింది ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ద్వారా, ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తల ద్వారా. రైల్వే స్టేషన్లలోనూ, కదిలే రైళ్ళలోనూ కూడా బిడ్డలకు చుక్కలు వేశారు. ఎవరో కొందరు దయతలచి కొందరు బిడ్డలకు ఇచ్చిన మందు కాదది. దేశంలోని ప్రతి బిడ్డకూ చెందవలసినదిగా ఇచ్చిన మందు. దాతృత్వం ప్రజా వ్యవస్థకు తోడై నిలిచినచోట రోగం అంతరించింది. దానిని మరపించే ముసుగైనచోట మాత్రం రోగం అలాగే ఉండిపోతుంది.

ఇక మన ప్లాట్‌ఫారాలకు వద్దాం. డిసెంబరు రాత్రి చలిలో దుప్పటి అందుకుంటున్న వారిలో బిచ్చగాళ్ళు, దిక్కులేని వృద్ధులు ఉన్నారు. వారితోపాటు చేతిలో చీపురు పట్టుకొని, కాంట్రాక్టరు ఇచ్చిన రంగు చొక్కా వేసుకొని, అదే స్టేషనును తెల్లవార్లూ శుభ్రం చేసే కార్మికులు కూడా ఉన్నారు. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. రోజంతా పనిచేసే మనిషి సంవత్సరాంతంలో దుప్పటి కోసం వరుసలో ఎందుకు నిలబడవలసి వస్తున్నది? అతడు నిరుద్యోగి కాడు, అనాథ కాడు, ఉద్యోగం ఉన్న కార్మికుడు. కష్టపడి పనిచేసేవాడు దానానికి పాత్రుడైనాడంటే ఎక్కడో అతని కూలి నుండి కొంత జారిపోతున్నదని అర్థం.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక కార్మికుడికి చట్టప్రకారం రావలసిన దినవేతనంలో కాంట్రాక్టరు 50 రూపాయలు తగ్గించి ఇస్తున్నాడనుకుందాం. నెలకు 26 రోజుల చొప్పున 1,300 రూపాయలు, సంవత్సరానికి 15,600 రూపాయలు. దుప్పటి వెల 400 రూపాయలనుకుంటే ఆ సొమ్ముతో 39 దుప్పట్లు వస్తవి. ముప్పైతొమ్మిది దుప్పట్ల సొమ్ము పోగొట్టుకొన్నవానికి ఒక్క దుప్పటి ఇచ్చి, దానిపై దాత పేరు ముద్రించి, ఫోటో తీయడం దానమా? ఆ దాతల వరుసలో ఆ కాంట్రాక్టరే నిలబడి ఉంటే దానిని ఏమనాలి? పట్టణాలలోని క్లబ్బులలో వ్యాపారులు, కాంట్రాక్టర్లు సభ్యులుగా ఉండడం సహజమే కనుక ఈ ప్రశ్న ఊహాజనితం కాదు.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమానియే చెల్లించాలి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి ఆ చట్టం రద్దయినప్పటికీ ఆ సూత్రం కొత్త కోడ్‌లోనూ నిలిచింది. ప్రతి యజమానీ నియామక పత్రం ఇవ్వాలని, వేతన చీటీ ఇవ్వాలని కోడ్‌లు చెబుతున్నవి. అయితే పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులు ఉన్నచోట వర్తించగా, కొత్త కోడ్‌లోని కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది ఉంటేనే వర్తిస్తుంది. చిన్న స్టేషన్లలో ఇరవైకి తగ్గకుండా, యాభైకి లోపు మందితో నడిచే కాంట్రాక్టులు దీనివలన ఆ అధ్యాయం రక్షణకు వెలుపల పడిపోతున్నవి. చట్టం రక్షణ తగ్గినచోట సంఘం బాధ్యత పెరుగుతుంది. పండ్లు, రొట్టెలు ఆ లోటును పూడ్చలేవు.

తపాలా రంగంలో శాలువా కథ కూడా ఇట్టిదే. ఎండలో వానలో పల్లెపల్లెకూ ఉత్తరం, పింఛను సొమ్ము చేరవేసే గ్రామీణ డాక్ సేవకుడిని వేదికపై కూర్చుండబెట్టి సత్కరించడం మంచిదే. ఒకప్పుడు వీరిని ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అనేవారు. వీరివి సివిల్ పోస్టులేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా రెగ్యులర్ ఉద్యోగికి ఉన్న హోదా వీరికి దక్కలేదు. వేతన సంఘం వచ్చినప్పుడెల్లా వీరికి మాత్రం వేరొక కమిటీ. 1997లో జస్టిస్ తల్వార్ కమిటీ, 2016లో కమలేశ్ చంద్ర కమిటీ నివేదికలు ఇచ్చినవి. చివరి నివేదికపై మంత్రివర్గ నిర్ణయం వెలువడడానికే 2018 జూన్ వరకు పట్టింది. అరవై అయిదేండ్లు నిండి ఇంటికి వెళ్ళేనాడు శాలువా కప్పించుకొనే మనిషికి ఆ మరునాటి నుండి నెలనెలా ఏమి వస్తుందన్న ప్రశ్న ఆ సభలో ఎవరూ వేయరు. మనం వేయాలి.

దానం నుండి హక్కు వరకు నడిచిన దారి మన చరిత్రలో లేకపోలేదు. గోదావరి లంకల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడక వచ్చినవారందరికీ అన్నం పెట్టి 1909లో కన్నుమూశారు. ఆమె పెట్టిన అన్నం దానమే, కాని అందులో ఎవరినీ తక్కువ చేసే చూపు లేదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2013లో ఆహార భద్రత చట్టం ఆ భోజనాన్ని హక్కు చేసింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి సీతమ్మగారి పేరే పెట్టారు. ఆ మహాతల్లి ఆశయం ఆమె వంటశాలతోనే ముగియలేదు. ఒకరి ఔదార్యంగా మొదలైన అన్నం బిడ్డల హక్కుగా బడిలో విస్తరి వేసుకొన్నది.

మన కార్మికోద్యమమే ఈ దారిలో పుట్టిందని యువ సభ్యులు తెలుసుకోవాలి. నారాయణ మల్హర్ జోషి 1911లో బొంబాయిలో సోషల్ సర్వీస్ లీగ్ స్థాపించారు. మిల్లు కార్మికుల కోసం రాత్రి బడులు, గ్రంథాలయాలు నడిపారు. అది నేటి సేవా క్లబ్బుల పని వంటిదే. కాని కార్మికవాడలలో తిరిగిన కొద్దీ, అక్కడి కష్టం రాత్రి బడితో తీరేది కాదని ఆ అనుభవం చెప్పింది. 1920లో ఎ.ఐ.టి.యు.సి. స్థాపకులలో ఆయన ఒకరైనారు. 1924లో కేంద్ర శాసనసభలో ప్రసూతి సౌకర్యాల బిల్లు ప్రవేశపెట్టారు. అది నెగ్గలేదు. కాని 1929లో బొంబాయి రాష్ట్రంలో ప్రసూతి చట్టం వచ్చింది. బాలింతకు పండ్లు పంచడంతో తృప్తి చెందక, బాలింతకు వేతనంతో కూడిన సెలవు కోరిన మనిషి ఆయన. దయ ఆయనను సంఘం వద్దకు నడిపించింది. మన సభ్యులలోని దయ కూడా అక్కడికే నడవాలి గాని ఫోటోతో ఆగిపోరాదు.

ఇంకొక సంప్రదాయమూ మనకు ఉన్నది. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో వేలాదిమంది అరెస్టు అయినారు, ఉద్యోగాలు కోల్పోయినారు. ఆ కుటుంబాల పొయ్యి ఆరిపోకుండా తోటి కార్మికులు చూసుకున్నారు. అది దానం కాదు. రేపు తనకూ అదే గతి పట్టవచ్చునని తెలిసినవాడు తోటివానికి ఇచ్చిన చేయూత. ఇచ్చేవాడు వేదికపైనా, పుచ్చుకొనేవాడు కిందనా నిలబడే అమరిక అందులో లేదు. మన సహాయ నిధులు నేటికీ ఆ పద్ధతిలోనే నడవాలి.

“ఈ రాత్రి చలికి వణుకుతున్నవాడు మీ చట్టం వచ్చేదాకా ఆగగలడా?” అని కొందరు మిత్రులు అడుగుతారు. సరియైన ప్రశ్న. ఆగలేడు. కనుక ఈ రాత్రి దుప్పటి ఇవ్వవలసిందే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వంటి విపత్తులలో ఎవరు ఏమి తెచ్చినా రెండు చేతులా స్వీకరించవలసిందే. మన అభ్యంతరం దుప్పటి మీద కాదు. దుప్పటితో పని ముగిసిందనుకొనే మనస్తత్వం మీద.

కనుక ఈ సంవత్సరాంతంలో ప్రతి శాఖ ఈ క్రింది పనులు చేయాలని మా సూచన.

మొదటిది, ఏ క్లబ్బుతో కలిసి పంపిణీ చేసినా అందుకొనేవారిలో కార్మికులు ఎవరో ముందుగా గుర్తించండి. వారి నియామక పత్రం, వేతన చీటీ, పి.ఎఫ్. ఖాతా, ఇ.ఎస్.ఐ. కార్డు, వారపు సెలవు – ఈ అయిదింటిని గురించి అడిగి రాసుకోండి. లేనివాటిపై జనవరి మొదటి వారంలోనే అధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేయండి.

రెండవది, కేంద్ర పరిధిలోని కనీస వేతనాలలో కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరించబడుతుంది. అమలులో ఉన్న రేట్లను తెలుగులోనూ స్థానిక భాషలోనూ స్టేషనులో, తపాలా కార్యాలయంలో సంఘం బోర్డుపై పెట్టండి.

మూడవది, క్లబ్బు మిత్రులను వస్తువులకు బదులు వారి విద్యను అడగండి. వారిలో వైద్యులు, న్యాయవాదులు, ఆడిటర్లు ఉన్నారు. ఒక న్యాయవాది ఒక ఆదివారం కూర్చుని పి.ఎఫ్. ఫిర్యాదులు రాసిపెడితే, ఒక ఆడిటరు వేతన చీటీలు సరిచూస్తే, ఒక వైద్యుడు పట్టాల మీద పనిచేసేవారి కళ్ళు, ఊపిరితిత్తులు పరీక్షిస్తే ఆ మేలు ఏండ్ల తరబడి నిలుస్తుంది.

నాలుగవది, పుచ్చుకొనేవారి ముఖాలను ఫోటో తీయవద్దు. తీయవలసివస్తే ఇచ్చిన వస్తువులనే తీయండి. నిధి జమాఖర్చులను మాత్రం అణా పైసలతో బోర్డుపై పెట్టండి.

అయిదవది, గ్రామీణ డాక్ సేవకులను సత్కరించే ప్రతి సభలోనూ వారి హోదా, పింఛను డిమాండ్లపై ఒక తీర్మానం ప్రవేశపెట్టండి. క్లబ్బు అధ్యక్షుడిని కూడా దానిపై సంతకం చేయమని కోరండి. సంతకం చేసినవారిని మిత్రులుగా ఆదరించండి.

సోదర కార్మికులారా! క్లబ్బుల కార్యవర్గాలు ఏటేటా మారుతూ ఉంటవి. వారి కార్యక్రమాలూ మారుతవి. సంఘం మాత్రం జనవరి 2న కూడా అదే ప్లాట్‌ఫారం మీద, అదే తపాలా కార్యాలయంలో ఉంటుంది. దుప్పటి అందుకొన్న కార్మికుడు ఆనాడు మనవంక చూస్తాడు. వచ్చే డిసెంబరుకు అతడు ఆ వరుసలో నిలబడవలసిన అవసరం లేకుండా చేయడమే మనం అతనికి ఇవ్వగలిగిన మేలైన కానుక. ఆ పనికి ఈ నెలలోనే పూనుకొనవలసిందిగా శాఖలన్నిటినీ కోరుతున్నాము.